ఆరు ఫుచ్కాలు, ఒక ఫావు

ఈ గ్రూపులో అందరివీ చదివి సంతోషించడమే గానీ నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఈ రోజు సంధ్యదీపం పెడుతున్నప్పుడు కూడా నవ్వు ఆగలేదు, అందుకే రాస్తున్నాను.

ఝపటాపూర్‌లో మా పక్కింటి పింకీకి ఏడేళ్లు. కూడికలు చేస్తుంది, తీసివేతలంటే ఏడుపు. నిన్న అన్నీ తప్పులే వచ్చాయట, ఇక బడికే వెళ్లనని మొండికేసింది. ఈ సాయంత్రం దాన్ని పిలిచి, ఆకుదొన్నెలో ఆరు చింతపిక్కలు వేసి, అవే ఫుచ్కాలనుకోమని, నేను ఫుచ్కాలమ్మే దాదానయ్యాను; మీ పానీపూరీలే మాకు ఫుచ్కాలు, బండి అన్నయ్యే దాదా.

"రెండు తినేసినావు. ఎన్ని ఉన్నాయి?"

"నాలుగు."

"ఇంకో మూడు తినేసినావు."

"ఒకటి."

"అదీ తినేసినావు. ఇప్పుడెన్ని?"

"ఒకటి."

"ఏటి? దొన్నె ఖాళీ గదే."

"ఫావు ఇయ్యాలి గదా పెద్దమ్మా."

ప్లేటు అయిపోయాక దాదా ఊరికే ఇచ్చే ఆ ఒక్క ఫుచ్కా ఇక్కడి పిల్లలకు హక్కు. ఈ కొట్టులో ఫావు లేదన్నాను. "అయితే పూరీ గేట్ దాదా దగ్గరికి ఎల్లిపోతాను" అంది. బేరం పోతుందని ఒక పిక్క వేశాను. అప్పుడు అదే నాకు నెమ్మదిగా నేర్పింది.

"ముందు సున్నా అవ్వాల పెద్దమ్మా. సున్నా అయినాకే ఫావు కలపాల."

ఇంటికి పరుగెత్తి, నిన్నటి లెక్కలన్నీ మళ్లీ చేసి తెచ్చింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సున్నా వచ్చిన చోటల్లా పక్కన ఒక ఫుచ్కా బొమ్మ వేసింది. రేపు బడికి వెళ్తుందట.

మీ ఊళ్లో ఫావు ఇస్తారా? చెప్పండి. ఇది మాత్రం మీ దగ్గరే దాచుకోండి, దాని టీచరమ్మకు చూపించకండి.