తప్పులన్నిటికీ ఒకే ఆసామి

తప్పు చేసి తప్పించుకునేవాళ్ళు లోకంలో కోకొల్లలు. చెయ్యని తప్పుని ఎగబడి నెత్తికెత్తుకునే మనిషి మాత్రం పోర్ట్ అడిలైడ్ మొత్తానికి ఒక్కడే. పేరు క్లెమ్ ట్రెగిల్గస్. పాలు అయిపోయాయా? "తప్పు నాదే." వాన పడిందా? "నాదే. పొద్దున్నే బట్టలారేశాను." వీధిలో రెండు కార్లు గుద్దుకున్నాయా? "నాదే. నేను చూస్తూ నిలబడ్డాను. చూడకపోతే గుద్దుకునేవి కావేమో!"

ఒకసారి ఫుట్‌బాల్ మైదానంలో ఊరి జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడిపోతే, లేచి నిలబడి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ క్షమాపణ చెప్పాడు. ఆఖరి గోల్ కొట్టేటప్పుడు తుమ్మాడట. ముందు వరసలో ముసలావిడ నమ్మేసి గొడుగుతో ఒక్కటిచ్చింది. "అదీ నా తప్పేనండీ, గొడుక్కి అందేలా నిలబడ్డాను" అన్నాడు.

అతను పనిచేసేది రేవు పక్కన, ఒకప్పటి ఉన్ని గిడ్డంగిలో. చెప్పుల పెట్టెంత ఉపగ్రహాల్నీ, వాటిలో బిగించే పిడికిలంత డబ్బీల్నీ తయారుచేస్తారక్కడ. డబ్బీలో మూడు గైరోస్కోపులు ఉంటాయి, నిలువుకొకటి, అడ్డాలకి రెండు. పైన ఆ శూన్యంలో నేలా లేదు, పట్టుకోడానికి గోడా లేదు. ఎటు తిరుగుతున్నావో డబ్బీ చెబితేనే ఉపగ్రహానికి తెలిసేది. అది కుడికి తిరుగుతున్నావంటే ఉపగ్రహం లోపలి చక్రాలు ఎడమకి లాగి నిలబెడతాయి.

ఆ గిడ్డంగిలో ఒక ఆచారం ఉంది. తప్పు చేసినవాళ్ళు మర్నాడు పొద్దుటి టీకి అందరికీ కేకులు తేవాలి. కాబట్టి రోజూ క్లెమే తెచ్చేవాడు, కప్ప ఆకారంలో పచ్చటి కేకులు. అతను తలుపు తోయగానే బేకరీ ఆవిడ అడిగేది: "ఇవాళేం పాపం చేశావు, క్లెమ్?"

"ఇంకా తెలీలేదమ్మా. ముందు కప్పల్ని కట్టు."

సీని వైనికోలో అనే అమ్మాయికి మొదట్లో ఇదంతా ఒళ్ళుమంటగా ఉండేది. సీని ఏజెన్సీ తరఫున వచ్చిన టెక్నీషియన్. మూణ్ణెల్లకోసారి ఏజెన్సీ కాగితం మీద యజమాని సంతకం పడితేనే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. ఒకరోజు ఆమె చేతిలోంచి అద్దం జారి పగిలింది.

"నాదే" అన్నాడు క్లెమ్ పక్క గదిలోంచి వస్తూ.

"నువ్వసలు ఇక్కడ లేవు కదయ్యా!"

"లేకపోవడమేగా తప్పు!"

వేసవి మొదలైంది. అడవిలో కార్చిచ్చు ఎక్కడ రాజుకుంటుందో కనిపెట్టే వాళ్ళ ఉపగ్రహం పైకి వెళ్ళింది. మధ్యాహ్నం అది అడిలైడ్ మీదికి రాగానే తెర మీద అంకెలు పడ్డాయి. అందరి మొహాలూ మాడిపోయాయి. ఉపగ్రహం గిరగిరా తిరుగుతోంది. ఆపబోయినకొద్దీ ఇంకా జోరెక్కుతోంది. సౌర పలకలు సూర్యుడికి ఎదురుగా నిలవకపోతే బ్యాటరీ నిండదు. మళ్ళీ తలమీదికొచ్చే వేళకి అది చచ్చిన పెట్టె.

"డబ్బీ అంకెల ప్లస్, మైనస్ గుర్తులు తారుమారై ఉంటాయి. కిందినుంచి మార్చి పంపొచ్చు" అన్నాడు క్లెమ్ కీబోర్డు ముందు కూర్చుంటూ. "కానీ మూడింట్లో ఏవి? గుడ్డిగా మార్చామంటే ఇంకా గింగిరాలు కొడుతుంది."

"ఎవరి నిర్వాకం ఇది?" యజమాని డెస్మండ్ పాస్కో గొంతు గిడ్డంగి కప్పుకి తగిలింది. "ఆ డబ్బీ మీద ఎవరి చెయ్యి పడిందో చెప్పండి. వాళ్ళకి ఇవాళే ఆఖరు!"

ఆ చెయ్యి సీనిది. ఉపగ్రహం మూత బిగించే ముందు చూస్తే డబ్బీ తీగ ఒక మరమేకు అంచుకి ఒరుసుకుంటోంది. డబ్బీని తిప్పి బిగించింది. చెబుదామని వెళితే డెస్మండ్ ఫోన్లో ఉండి, "మూత పెట్టేయ్, లారీ వచ్చేసింది!" అన్నాడు. ఆఖరి పరీక్ష ఉందిగా, అందులో బయటపడుతుందిలే అనుకుంది. ఆ పరీక్షని లారీ కోసం ఎగ్గొట్టారు.

ఇప్పుడు చెప్పొచ్చు కదా అంటారేమో. పర్మినెంటు మనిషి చేస్తే పొరపాటు, ఏజెన్సీ మనిషి చేస్తే నేరం. అలాంటి చోట నిజం చెప్పడానికి నోరొక్కటి ఉంటే చాలదు, నెల జీతం కూడా ఉండాలి.

"తప్పు నాదే" అన్నాడు క్లెమ్.

"నోర్ముయ్, క్లెమ్! వేళాకోళానికి ఇదా సమయం?"

"ఒట్టు, డెస్. నాదే. ఏం చేశానో గుర్తు రావట్లేదంతే. ఒక్కొక్కటే చెప్పుకుంటాను, ఉండు. చక్రానికి తీగ తిరగేసి అతికాను." ఒక వేలు మడిచాడు. "కాదు కాదు. పరీక్షలో దొరికేది. అంటే పరీక్షలన్నీ అయ్యాక చేశాను. మూత పెట్టేముందు... డబ్బీని తలకిందులు చేశాను!"

"తలకిందులు కాదు."

ఆ గొంతు తనదేనని సీనికి ఒక క్షణం ఆగి తెలిసింది. క్లెమ్ వెనక్కి తిరిగి చూడలేదు.

"ఔనౌను, పాడు మతిమరుపు. మరెలా పెట్టానమ్మా?"

"పైది పైకే ఉంచావు. ముందు వైపుని వెనక్కి తిప్పావు."

"ఎందుకు తిప్పినట్టు?"

"తీగ మరమేకుకి ఒరుసుకుంటోంది. పైకెళ్ళాక తెగిపోతుందని."

"భలే పని చేశానే! అయితే నిలువుది అలాగే ఉంచి, మిగతా రెండింటికీ గుర్తు మార్చాలి." టకటకా కొట్టి పంపేశాడు.

తెర మీద వేగం అంకె కదల్లేదు. డెస్మండ్ పళ్ళు కొరుకుతున్నాడు. ఉపగ్రహం దిగంతానికి దిగిపోతోంది. అంకె ఒక్కటి తగ్గింది. ఇంకొకటి. ఆ తర్వాత మెట్లు దిగే మేకపిల్లలా టకటకా దిగింది. కనుమరుగయ్యే ముందు బ్యాటరీ గీత కొంచెం పైకి లేచింది.

సీని ముందుకొచ్చింది. "డెస్మండ్, తిప్పింది నేను."

"చూశావా డెస్!" క్లెమ్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "పట్టపగలు నా తప్పు కాజేస్తోందీ పిల్ల!"

డెస్మండ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి బయటికెళ్ళిపోయాడు.

సాయంత్రం రేవు గట్టున సీని అడిగేసింది. "ఎందుకయ్యా నీకీ పిచ్చి?"

"ఆసామి ముందే దొరికాడనుకో, జనం మనిషిని వెతకడం మానేసి తప్పుని వెతుకుతారు తల్లీ. ఇన్నేళ్ళలో ఈ గిడ్డంగిలో తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళని ఒక్కరిని చూపించు." గొంతు తగ్గించాడు. "అదీకాక, నాకు కప్ప కేకులంటే ప్రాణం."

మర్నాడు టీకి సీని ఒక పెట్టె కప్పలు తెచ్చింది. క్లెమ్ అప్పటికే ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ ఎవరిది అసలు తప్పో తేల్చుకుంటుంటే తలుపు తెరుచుకుంది. డెస్మండ్. చేతిలో ఇంకో పెట్టె కప్పలు.

"పరీక్ష ఎగ్గొట్టించింది నేను" అని నేలకి చెప్పాడు. "సీనీ, ఏజెన్సీ కాగితం మీద సంతకం పెట్టేశాను. ఈసారి ఏడాదికి."

ఇంతలో ఫోన్ మోగింది. బేకరీ ఆవిడ. "మీవాళ్ళేనా నా కప్పలన్నీ ఊడ్చుకుపోయింది? ఇక్కడ పిల్లలు ఏడుస్తున్నారు! ఎవరిదయ్యా ఈ తప్పు?"

క్లెమ్ మొహం వెలిగిపోయింది. చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అందేలోగా సీని ఫోన్ లాక్కుంది.

"తప్పు నాదేనండీ!"

కేకు లాగేసుకున్న పిల్లాడిలా మూతి ముడుచుకున్నాడు క్లెమ్.