కౌజు గుడ్లు తిన్నదెవరు

తిరువళ్లూరులో తిరుత్తణి బస్సెక్కాను. పక్క సీటులో ఒక పెద్దాయన, ఒళ్లో ఎలకల బోను పెట్టుకుని కూర్చున్నాడు. ఊరూరా తిరిగి పొలాల్లో ఎలకలు పట్టడం ఆయన పని; ఆయనవాళ్లు వలలేసి పిట్టల్నీ పడతారు.

"మా చేలో కౌజు పిట్టలన్నీ మీవాళ్ల వలల్లోనే పోయినాయి," అన్నాను ఈసడింపుగా.

ఆయన తొణకలేదు. "మీ చేలో ఎలకలుండాయా అయ్యా?"

"ఒక్కటీ లేదు. పోయినేడు మందు పెట్టి అన్నిట్నీ చంపేసినా," అన్నాను గొప్పగా.

ఆయన నవ్వాడు. అంత చులకనగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఎలకలు మెండుగా ఉన్నెప్పుడు వాటిని తిని నక్కలు, ముంగిసలు పెరిగినాయి. ఇప్పుడవి ఏం తినాల? కౌజుపిట్ట చెట్టు మీద గూడు కట్టదు గదా, గట్టు కింద గడ్డిలో గుడ్లు పెడతాది. అవే దొరికినాయి వాటికి. ఇంత నేల పెట్టుకోని ఇది తెలీదా? మా వలలంట!"

ఆయన లేచి, సీటు వదిలేసి, తిరుత్తణి దాకా నిలబడే వచ్చాడు. బస్సులో అందరూ నన్నే చూస్తుంటే నేను కిటికీ వైపు తిరిగాను.

తర్వాతి పంటకు దుకాణం అతను ఎలకల మందు తీసి ముందు పెడితే వద్దన్నాను.