పో నగర్ మగ్గం

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మకపోవడం నాకు పంతం కాదు, అలవాటు. సింగపూర్‌లో నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పదహారేళ్ళుగా పనిచేస్తున్నాను. ఫలితం తేడాగా వస్తే మళ్ళీ పరీక్ష చేస్తాం, అంతే. బెడోక్‌లో మేముండే అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద ప్రతి ఏడూ చైనీయులు పోయినవాళ్ళ కోసం కాగితాలు కాలుస్తారు. ఆ బూడిద తొక్కకుండా పక్కనుంచి వెళ్తాను. అది మర్యాదే తప్ప భయం కాదు.

పోయిన జూన్‌లో వియత్నాంలో జరిగింది మాత్రం ఎన్నిసార్లు మళ్ళీ చూసుకున్నా అలాగే ఉంది. అందుకే రాస్తున్నాను.

మా అక్క పేరు సుభద్ర. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. చీరాలలో బావతో కలిసి మగ్గం నేసేది. మా ల్యాబ్‌లో ఒకామె వియత్నాంలోని న్యా ట్రాంగ్ వెళ్ళొచ్చి ఫోటోలు చూపిస్తే, కొన్ని అక్కకు పంపాను. అది సముద్రం ఒడ్డున ఊరు. నది సముద్రంలో కలిసేచోట గుట్ట మీద పో నగర్ అనే పాత గుడి ఉంది, ఎప్పుడో ఆ ప్రాంతాన్ని ఏలిన చాం జాతి రాజులు ఎర్ర ఇటుకతో కట్టించింది. ఆ ఆవరణలో ఒక చాం ముసలామె చిన్న మగ్గం ముందు కూర్చున్న ఫోటో కూడా ఉంది. అక్క గోపురాల సంగతి ఎత్తనే లేదు. "ఆ మగ్గం ఒక్కసారి చూడాలే. ఆమె పోగు ఎట్టా పట్టుకుందో చూడు," అంది.

పాస్‌పోర్ట్ కూడా చేయించుకుంది. నేనే వాయిదా వేస్తూ వచ్చాను. ఒక ఏడాది మా అమ్మాయి పరీక్షలు, మరుసటి ఏడాది ఇల్లు మారడం. ఆ తర్వాతి జనవరిలో అక్కకు గుండెపోటు వచ్చింది. నేను చీరాల చేరేసరికి అంతా అయిపోయింది.

జూన్ సెలవుల్లో మా అమ్మాయి నిఖితను తీసుకుని న్యా ట్రాంగ్ వెళ్ళాను. అక్క కోసమని ఎవరికీ చెప్పలేదు. రెండు గంటల విమానం. మొదటి రోజు పొద్దున్నే పో నగర్ చూడాలని లాన్ అనే గైడమ్మాయితో ముందే మాట్లాడుకున్నాను. తీరా ఆ పొద్దున నిఖితకు కడుపు నొప్పి. లాన్‌కు ఫోన్ చేసి మర్నాటికి మార్చాను. మధ్యాహ్నానికి పిల్ల తేరుకుంటే, మేమే టాక్సీలో వెళ్ళి కొండ మీది తెల్లటి పెద్ద బుద్ధుణ్ణి, పాత రాతి చర్చిని చూసి వచ్చాం.

మర్నాడు తొమ్మిదింటికి పో నగర్‌లో ఉన్నాం. ఎండ అప్పుడే మండుతోంది. నిఖిత పొట్టి లాగు వేసుకుందని గుడివాళ్ళు ఒక పొడుగాటి అంగీ తొడిగించారు. పెద్ద గోపురం లోపల చీకటి, అగరొత్తుల పొగ, పట్టుబట్టలు కట్టిన పది చేతుల అమ్మవారు. మనకు దుర్గ ఉన్నట్టే అని నిఖిత నా చెవిలో ఇంగ్లీషులో అంది. బయటికొచ్చి వెనకవైపు నీడలోకి నడిచాం. మగ్గం అక్కడుంది.

దాని ముందున్న ముసలామె తలెత్తి నన్ను చూసి చేతిలో పని ఆపేసింది. లాన్‌తో ఏదో అంది. లాన్ నవ్వుతూ నాకు ఇంగ్లీషులో చెప్పింది, నువ్వు ఆమె చెల్లెలివా అని అడుగుతోందని. ఎవరి చెల్లెలిని అని అడిగాను. నిన్న పొద్దున వచ్చినామె చెల్లెలివా అంటోంది, అంది లాన్.

ముసలామె చెప్పినదాన్ని లాన్ చెప్పినట్టే రాస్తున్నాను. నీలం రంగు నూలు చీర కట్టుకున్న మనిషి ఒకామె పొద్దున్నే వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చాలాసేపు చూసి, తనూ నేస్తానని సైగ చేసింది. నాలుగు వేళ్ళ పొడవు నేసింది. తెగిన పోగులు తనే ముడి వేసింది. తర్వాత తన ముఖం చూపించి, చెయ్యి కాస్త కిందికి పెట్టి, తనలాంటి మనిషే, తనకంటే చిన్నది వస్తుందని చెప్పి, మెట్లవైపు చూస్తూ కూర్చుంది. సాయంత్రం దాకా ఉంది. ఎవరూ రాకపోతే లేచి వెళ్ళిపోయింది.

ముసలామె చాప కింది నుంచి, నిన్నటామె నేసిన జానెడు వెడల్పున్న ఎర్రటి గుడ్డ తీసి నా వైపు చాపింది. మీ అక్క ఎక్కడ అని అడిగింది.

నిన్న పొద్దున అక్కడ ఉండాల్సింది మేము. ఆఖరుసారి కూడా నేనే వాయిదా వేశాను.

"అమ్మా, తీసుకో లా. షి కెప్ట్ ఇట్ ఫర్ యూ," అంది నిఖిత తన సింగపూర్ యాసలో. తీసుకున్నాను.

తర్వాత నా ఉద్యోగ బుద్ధి పనిచేసింది. ఎన్నింటికి వచ్చింది, ఎంత ఎత్తుంది, ఏ చేత్తో నేసింది అని లాన్‌తో ఒక్కొక్కటీ అడిగించాను. ముసలామె ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. అక్కది ఎడమచేతి వాటం. గేటు దగ్గరివాళ్ళను అడిగితే, రోజూ ఎందరో వస్తారు, ఎవరని గుర్తు పెట్టుకుంటాం అన్నారు. అదీ నిజమే. నేత తెలిసిన మన దేశపు మనిషి ఇంకెవరో వచ్చి ఉండొచ్చు. ఆమెకూ ఒక చెల్లెలు ఉండొచ్చు. ఎడమచేతివాళ్ళు లోకంలో చాలామంది. లాన్ పొరబడి ఉండొచ్చు. తిరుగు ప్రయాణంలో విమానం దిగేదాకా ఇవే అనుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చిన ఆదివారం బావకు వీడియో కాల్ చేశాను. ఏమీ చెప్పకుండా గుడ్డను ఫోన్ ముందు పెట్టాను. కొంచెం దగ్గరికి పెట్టమన్నాడు. తిరగేసి వెనకవైపు చూపించమన్నాడు. ముడులు అటే ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మన మగ్గం మీద నేసింది కాదే ఇది. మీ అక్క ఎక్కడ నేసిందమ్మా?" అన్నాడు.

అప్పుడు చెప్పాను, మొదటినుంచి చివరిదాకా. నువ్వు నమ్ముతావా అని అడగలేదు. ఆ గుడ్డ మా బీరువాలో ఉంది. అది ఎవరు నేశారో నాకు ఇప్పటికీ తెలియదు. అక్కేనని చెప్పడానికీ, కాదని చెప్పడానికీ నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అంతా విన్నాక బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మనిషి ఎట్టా ఉంది, బాగుందా అని అడిగావా?" అన్నాడు.

అన్నీ అడిగాను. అదొక్కటే అడగలేదు.