గాడిద గుర్తు, ఏనుగు గుర్తు, మా కార్మికుల హాలు

గెలిస్తే కార్మికుల హాలు అందరికీ ఇస్తామని మా పార్టీ మల్కాపురంలో ఒకప్పుడు మాటిచ్చింది. గెలిచింది. ఇవ్వలేదు. ఆ మాట ఏ వీధి మొగలో చెప్పారో, ఎవరు చప్పట్లు కొట్టారో పూసగుచ్చినట్టు చెప్పగలిగిన మనిషి మొన్న బుధవారం పోయారు. మా హైస్కూల్లో చరిత్ర చెప్పిన మాస్టారు. పొద్దున్నే కాఫీ తాగి, అలవాటు ప్రకారం పేపరు చివరి పేజీ నుంచి మొదలుపెట్టి, మొదటి పేజీకి రాకుండానే పోయారట. కబురు చెప్పిన కోడలు ఏడుస్తూనే, "ఆటల పేజీ సూసి నవ్వుతా ఉన్నారండీ, అంతే" అంది. ఆఖరి రోజున కూడా రాజకీయాల పేజీని తప్పించుకున్నారని నాకు కొంచెం అసూయ కలిగింది.

నేను పోర్టులో టాలీ గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఓడలోంచి దిగే బస్తాలకు లెక్క రాయడం నా ఉద్యోగం. మిగతా వేళల్లో పుస్తకాలు చదివేవాణ్ణి, మా పార్టీకి కరపత్రాలు రాసిపెట్టేవాణ్ణి. ఆ రెండిట్లో మొదటి పని గురించి ఇప్పటికీ గర్వపడతాను.

హాలు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పోర్టులో పనిచేసే మా వీధులవాళ్ళు చందాలేసుకుని కట్టుకున్న హాలది. ఎగువ వీధి మాది, పల్లెల్లో సేద్యం వదిలి వచ్చిన కుటుంబాలవాళ్ళం. దిగువ కాలనీ దళితులది, మాస్టారి ఇల్లూ అక్కడే. పునాది తవ్విందీ ఇటుకలు మోసిందీ ఎక్కువగా కాలనీవాళ్ళే. కట్టడం పూర్తయ్యాక పెళ్ళిళ్ళు మాత్రం ఎగువ వీధివాళ్ళవే జరిగేవి. 'మీకు ఇవ్వం' అని ఎవరూ అనలేదు. మా దగ్గర అలాంటివి పైకి అనరు. హాలు కావాలంటే కాగితాలేమీ ఉండవు. తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళి, కార్యదర్శి చేతికిచ్చి, మన తేదీ చెప్పాలి. ఆయన అందుకున్నాడంటే ఆ తేదీ మనది, తరవాత ఎవరూ మార్చడానికి లేదు. కాలనీవాళ్ళు తాంబూలం తెచ్చినప్పుడల్లా కార్యదర్శి చేతులు ఎంగిలిగానో తడిగానో ఉండేవి. ఆ కార్యదర్శి నా భార్యకు అన్న, నాకు బావ. వార్డులో మా పార్టీ నాయకుడూ ఆయనే.

ఆ ఎన్నికల్లో "చెమట అందరిదీ, హాలు కొందరిదా?" అని మైకులో గర్జించింది బావే. ఎదుటి పార్టీ మాత్రం హాలు ఆచారం కాపాడతామంది. బావ ఇంకో అడుగు ముందుకేసి, కాలనీ నుంచి తీసుకునే మొదటి తాంబూలం మాస్టారి చెల్లెలి పెళ్ళిదేనని సభలో ప్రకటించాడు. గెలిచాక ఎగువ వీధి పెద్దలు ఎదుటి పార్టీ వదిలి మందగా మా పార్టీలోకి వచ్చారు. మాస్టారు పళ్ళెం పట్టుకుని వెళ్ళిన రోజున బావ హాలు తాళాలు జేబులో వేసుకుని సింహాచలం కొండకు దర్శనానికి వెళ్ళిపోయాడు. మర్నాడు వెళితే అన్నవరం వెళ్ళాడన్నారు. ఆయనకు అంత భక్తి ఉందని ఇంట్లోవాళ్ళకు కూడా అప్పుడే తెలిసింది. ముహూర్తం ఆగదు కదా, చెల్లెలి పెళ్ళి మా స్కూలు ఆవరణలో, సగం చిరిగిన షామియానా కింద జరిగింది. మాస్టారు అందరికీ స్వయంగా వడ్డించారు. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

సోమవారం క్లాసులో అన్నారు. పాత పుస్తకాల బండి మీద కొన్న అమెరికా చరిత్ర ఒకటి ఆయనకిద్దామని వెళ్ళి, వరండాలో నిలబడి విన్నాను. సిలబస్‌లో లేని పాఠం అది.

"ఆ దేశంలో రెండు పెద్ద పార్టీలర్రా. ఒకటిది ఏనుగు గుర్తు, రెండోది గాడిద గుర్తు."

"గాడిదకి ఓటేత్తారేటి మాస్టారూ?" అన్నాడొకడు.

"మనవాళ్ళు వెయ్యట్లేదేటిరా?"

క్లాసు గొల్లుమంది. నవ్వు ఆగేదాకా ఆగి ఆయన మొదలుపెట్టారు. ఏనుగు పార్టీ పుట్టిందే బానిసత్వం వ్యాపించకూడదని. యుద్ధం చేసి సంకెళ్ళు తెంచింది. అప్పట్లో గాడిద పార్టీ దక్షిణాది యజమానుల పక్షాన ఉంది, ఆ తరవాత చాలాకాలం అక్కడి నల్లవాళ్ళను ఓటు పెట్టె దరిదాపులకు రానివ్వలేదు. కొన్నేళ్ళకు ఏనుగు అలిసిపోయింది. ఒక ఎన్నిక తగాదాలో తనకు కుర్చీ దక్కితే చాలనుకుని, దక్షిణాదిలో వాళ్ళకు కాపలాగా ఉన్న సైన్యాన్ని పక్కకు తప్పించింది. చాలాకాలానికి, పనులు దొరకని రోజుల్లో, గాడిద పార్టీ పని చూపిస్తే ఉత్తరాది నగరాల్లోని నల్లవాళ్ళ ఓట్లు అటు నడిచాయి. ఆ ఓట్ల వెనక గాడిద నడిచింది. చివరికి పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టింది గాడిద పార్టీ అధ్యక్షుడు. ఆ చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన మనిషినే ఆ ఏడు ఏనుగు పార్టీ పోటీకి నిలబెట్టింది. దక్షిణాది తెల్లవాళ్ళు ఒకరి తరవాత ఒకరు గాడిద దిగి ఏనుగెక్కారు.

"అయితే ఏనుగు సెడ్డదా మాస్టారూ?"

"తొందరపడకు. ఆ చట్టానికి ఓటేసినవాళ్ళు రెండు పార్టీల్లోనూ ఉన్నారు, వంతు చూస్తే ఏనుగువాళ్ళలోనే ఎక్కువ. కాదన్నవాళ్ళూ రెండిట్లోనూ ఉన్నారు, చాలామంది దక్షిణాదివాళ్ళు. జంతువుని చూడకర్రా. దాని మీద ఎవరు కూర్చున్నారో చూడండి."

మా పార్టీ పెద్దలు పెట్టే రాజకీయ తరగతుల్లో నేను చాలా నిద్రపోయాను. ఇలాంటి మాట ఒక్కటి వినబడినా మెలకువగా ఉండేవాణ్ణి.

తరవాత మా వార్డులో జరిగింది కూడా అదే, కాకపోతే మాకు అంతకాలం పట్టలేదు. పెద్దల్ని చేర్చుకున్న మా పార్టీ "ఆచారాన్ని గౌరవించాలి" అనడం నేర్చుకుంది. పెద్దల్ని పోగొట్టుకున్న ఎదుటి పార్టీకి అకస్మాత్తుగా దిగువ కాలనీ కనబడింది. కాలనీలో కుర్చీ వేయించుకుని టీ తాగి, "చెమటకు కులం లేదు" అన్నారు. నా కరపత్రంలోంచే ఎత్తుకున్నారు ఆ మాట. అడిగితే మాదేనన్నారు.

మాస్టారికి ఒక టేప్ రికార్డరు ఉండేది. ఏ పార్టీ సభ జరిగినా వెనక వరసలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. క్లాసులో తానే ఆ మాటలు చదివి వినిపించి, ఇది ఏ పార్టీ అని అడిగేవారు. పిల్లలందరూ ఒక్క గొంతుతో తప్పు చెప్పేవారు. అప్పుడు టేపు వేసి అసలు గొంతు వినిపిస్తే, ఆ కేకలకు పక్క క్లాసు లెక్కల టీచరు పరుగెత్తుకొచ్చేవారు.

ఆదివారాలు తెల్లవారకుండా ఇద్దరం ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళేవాళ్ళం. చేపలు కొనడం కంటే బేరం ఆడటం ఆయనకు ఇష్టం. ఒకసారి ఒక గంగపుత్రుల ముసలమ్మ నడుం మీద చేతులేసుకుని, "నిన్న వంజరం మంచిదన్నావు, ఇయ్యాల కాదంటన్నావు, ఏటి మాస్టారూ నీ మాట?" అని నిలదీసింది.

"రాత్రి పార్టీ మారీసినానమ్మా."

"అయితే రేపు మళ్ళీ మారతావు. ఈ సేప అప్పటికి ఉండదు, అట్టుకెల్లు." చుట్టుపక్కల గంపల దగ్గరివాళ్ళందరూ నవ్వారు. ఆయన ఆమె చెప్పిన ధరకే కొని, దారి పొడుగునా ఆమె గొంతు అనుకరిస్తూ వచ్చారు.

ఇక నూకరాజు పెళ్ళి. నూకరాజు దిగువ కాలనీ కుర్రాడు, మాస్టారి శిష్యుడు, ఆటోకు మైకు కట్టి ఎన్నికల్లో మా పార్టీ ప్రచారం చేసేవాడు. పెళ్ళి కుదిరింది, హాలు అడిగాడు, బావ చేతులు మళ్ళీ తడిగా ఉన్నాయి. మళ్ళీ వచ్చిన ఎన్నికల ప్రచారానికి ఆ వారంలోనే చివరి రోజు. పొద్దున్నే నూకరాజు మాస్టారి ఇంటికి పరుగున వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"మాస్టారూ, మెషీను కేసెట్టు నమిలీసింది. మన పార్టీది ఏటైనా ఉంటే ఇయ్యండి, నాయకుడి గొంతుండాలి."

మాస్టారు లోపలికెళ్ళి ఒక కేసెట్టు తెచ్చిచ్చారు. ముఖంలో ఏమీ లేదు. ఆటో కాలనీ మొదట్లోకి వెళ్ళేసరికి మా బావ పాత గొంతు మోగింది: "చెమట అందరిదీ, హాలు కొందరిదా?" రెండో వీధి తిరిగేసరికి జనం ఆటో వెంట నడుస్తున్నారు. పార్టీ కుర్రాళ్ళు సైకిళ్ళ మీద ఆపడానికి వెళితే, నూకరాజు "ఏటి, మన నాయకుడి మాట ఆపమంటారా? రాసియ్యండి!" అన్నాడట.

నేను మాస్టారి వైపు చూశాను. "ఏం చేశారండీ?"

"అడిగిందే ఇచ్చీసినాను గుమాస్తాగారూ. పార్టీ అదే, గొంతు అదే. ఏడాదే వేరు." అని గుమ్మానికి చేరబడి, చొక్కా బొత్తాం ఊడేదాకా నవ్వారు.

ఆ రోజు బావ పొద్దుటి నుంచి హార్బర్ వైపు ప్రచారంలో ఉన్నాడు, ఆయన చెవిన ఏమీ పడలేదు. సాయంత్రం హాలు ముందు ఆఖరి సభ. దిగువ కాలనీ మొత్తం డప్పులతో ఊరేగింపుగా వస్తుంటే, పోయిన ఓట్లు తిరిగొస్తున్నాయని ఆయన ముఖం వెలిగిపోయింది. వేదిక మీద ఉన్న నాయకుడు ఎవరేది ఇచ్చినా రెండు చేతులా అందుకుంటాడు: దండ, శాలువా, నిమ్మకాయ. నూకరాజు తల్లి మెట్లెక్కి పళ్ళెం చాపింది. బావ అలవాటుగా అందుకుని, కళ్ళకద్దుకుని, జనానికి చూపించాడు.

"వచ్చే గురువారం!" అంది ఆమె మైకు దగ్గరికి వంగి. "నా కొడుకు పెళ్ళి. తాంబూలం అందుకున్నారు, అందరూ సూసేరు కదా?"

"సూసేం!" అంది జనం. ఎగువ వీధి పెద్దలు కూడా చూశారు. తాంబూలం అందుకున్నాక కాదంటే, రేపు వాళ్ళ పిల్లల తేదీలకు కూడా విలువుండదు. గురువారం నాడు హాలు ద్వారానికి మామిడాకులు కట్టింది మాస్టారే. భోజనాలయ్యాక డప్పు చప్పుడుకు ఆయన వేసిన చిందులు చూసి, పెళ్ళికూతురు పెళ్ళికొడుకుని వదిలేసి ఆయన వైపే చూస్తూ కూర్చుంది. ఆ తరవాత హాలు ఎవరికీ మూతపడలేదు.

నేను పార్టీ వదిలేశాను. బావతో మాట్లాడటమూ మానేశాను. మాస్టారు మాత్రం ఆయనతో కలిసి టీ తాగేవారు. "ఆ కోపం ఒగ్గీయండి గుమాస్తాగారూ" అనేవారు.

"మీరు ఒగ్గీసినారా?"

"నాకు హాలు కావలసింది, వచ్చీసింది. ఇంక కోపం ఎక్కడెట్టుకోను, మా ఇల్లు సిన్నది కదా."

మా ఇల్లు కొంచెం పెద్దది.

ఆదివారం సంతాప సభ ఆ హాల్లోనే పెట్టాం. మూడు పార్టీలవాళ్ళు వచ్చారు. హాలు తలుపులు తెరిపించింది తామేనని ముగ్గురూ చెప్పారు. మూడో పార్టీ తరఫున చెప్పింది మా బావ, ఇప్పుడు అందులో ఉన్నాడు. గొంతు వణికింది, కళ్ళు తుడుచుకున్నాడు, ముందు వరసలోని పిల్లలు నమ్మి చప్పట్లు కొట్టారు. ఇంకా మాట్లాడేవాడే, కానీ సాయంత్రం అదే హాల్లో ఎగువ వీధివాళ్ళ పెళ్ళి. బాజాలవాళ్ళు వచ్చేసి మేళం సవరించుకోవడం మొదలుపెట్టారు, ఆయన ఆఖరి మాటలు సన్నాయిలో కలిసిపోయాయి. ఇంత చక్కగా ముగిసిన రాజకీయ ఉపన్యాసం నేను ఇంకొకటి వినలేదు.

డెకరేషను కుర్రాడు నిచ్చెనెక్కి, దండ వేసిన మాస్టారి ఫోటో చూసి, "ఇది తీసీమంటారా? పెళ్ళి కదా, బాగోదేమో" అని అడిగాడు.

పెళ్ళికూతురు తల్లి నడుముకు కొంగు చుట్టుకుంటూ వచ్చింది. "ఉండనీ. నాను ఆయన దగ్గిరే సదివేను. పెళ్ళి సూత్తారు."

ఫోటో చుట్టూ రంగు బల్బుల తీగ చుట్టారు. ఎరుపు వెలిగినప్పుడు ఒక రకంగా, పచ్చ వెలిగినప్పుడు ఇంకో రకంగా నవ్వుతున్నట్టున్నారు. కింద బంతి భోజనాల్లో కాలనీవాళ్ళూ ఎగువ వీధివాళ్ళూ ఎవరెవరో పోల్చలేనట్టు కూర్చుని తింటున్నారు. వాళ్ళ మధ్య ఒక ముసలాయన విస్తరి ముందు చేయి చాపి, వంకాయ కూర రెండోసారి వేయించుకుంటున్నాడు. మాస్టారు ఆయన్ని క్షమించారు. ఆ పని నా తరఫున కూడా చేశారంటే నేను ఒప్పుకోను. ఆ ముసలాయన మా బావ, పేరు పైడిరాజు.