రైల్వే క్వార్టర్‌లో రంగుల బడి

పోలీస్ యాక్షన్ నాటి సెప్టెంబరులో మా లాలాగూడలో బడులు మూసేశారు. రైళ్లు సరిగ్గా నడవడం లేదు. ఇంజన్ డ్రైవరైన మా ఆయన ఎన్నడూ లేనిది పగలంతా ఇంట్లోనే ఉన్నారు. మిషన్ బడిలో చిన్న తరగతులు చెప్పే నాకు చేతులు కట్టుకుని కూర్చోవడం చేతకాదు. తలుపు గడియ పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, మా ఇద్దరు పిల్లలకు ఇంట్లోనే బడి మొదలుపెట్టాను. అబ్బాయికి ఐదేళ్లు, అమ్మాయికి మూడున్నర. వీధిలోని భయం వాళ్లకు అంటకూడదని నా పంతం.

మొదటి పాఠం రంగులు. పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రగా మార్చి చూపిస్తే ఇద్దరూ గంతులేశారు. తర్వాత ఖాళీ అగ్గిపెట్టెలు వరసగా పేర్చి, రంగుకో పెట్టె చొప్పున రైలు చేశాను. రవికలు కుట్టగా మిగిలిన గుడ్డముక్కలు ప్రయాణికులు. "ఎర్రపెట్టె వచ్చింది, ఎర్రవాళ్లు ఎక్కండి!" అని నేను కేకేస్తే పిల్లలు ఏరి ఎక్కించాలి. అమ్మాయి రెండు రోజుల్లో నేర్చేసింది. అబ్బాయి పసుపు, నీలం బాగానే ఎక్కించేవాడు. ఎర్రపెట్టెలోకి మాత్రం సగం ఆకుపచ్చవాళ్లు వచ్చేవారు.

నాకు చచ్చేంత కోపం. ముప్పైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే నాకు నా కొడుకే లొంగకపోవడమా! కావాలనే చేస్తున్నాడనుకున్నాను. బెల్లంముక్క మాన్పించాను. ఒకరోజు చెవి మెలిపెట్టాను కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యంటే నాకే రోత.

వాడి ఏడుపు విని పక్క క్వార్టర్ ఆవిడ పెరటి గోడ మీదుగా తల పెట్టింది. ఆమె భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. "ఏందమ్మా టీచరమ్మా, గింత పోరన్ని గట్ల పరేషాన్ చేస్తవ్? జెర ఆగు, వాడే నేర్సుకుంటడు," అంది. నేను ఆగే రకాన్ని కాను. ఆ సాయంత్రం మళ్లీ కూర్చోబెట్టాను.

నాలుగో రోజుకి వాడు ఒక్క తప్పూ చేయలేదు. ముద్దు పెట్టుకుని, ఆపేసిన బెల్లమంతా కలిపి ఇచ్చాను. అప్పుడు మా ఆయనకూ హుషారొచ్చింది. "నీ బడి అయిపోయింది, ఇక మా రైల్వే బడి," అంటూ డ్యూటీ సంచిలోంచి చేతి లాంతరు తీశారు. మీట తిప్పితే తెల్లద్దం, ఆకుపచ్చద్దం, ఎర్రద్దం వరసగా వస్తాయి. ఎరుపుకి ఆగాలి, ఆకుపచ్చకి నడవాలి. ఆ చీకటి గదిలో వాడు పదిసార్లు నడిచాడు, పదిసార్లు ఆగాడు. మా మామగారు కూడా డ్రైవరే. మూడో తరం తయారైందని మా ఆయన మొహం వెలిగిపోయింది.

నాకెందుకో అనుమానం తగిలింది. ఆయన ప్రతిసారీ అదే వరసలో తిప్పుతున్నారు. లాంతరు నేను తీసుకుని, కొంగు చాటున వరస మార్చి తిప్పి, ఎరుపు చూపించాను. వాడు నవ్వుకుంటూ నడిచొచ్చి నా మోకాళ్లకు గుద్దుకున్నాడు. మళ్లీ చూపించాను, మళ్లీ వచ్చాడు. గుడ్డముక్కల సంగతీ అప్పుడే తెలిసింది. "ఎర్రది మెత్తగా ఉంటుందమ్మా, ఆకుపచ్చది గరుగ్గా ఉంటుంది," అన్నాడు. ఎర్రవి పట్టువి, ఆకుపచ్చవి ముతక నేతవి మరి. నేను మెలిపెట్టింది ఏ తప్పూ లేని చెవిని.

మా ఆయన లాంతరు ఆర్పేసి, రైల్వేలో పెట్టే కంటిపరీక్ష సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరేటప్పుడు డాక్టరు ఊలుపోగుల గుట్ట ముందుపెట్టి ఎర్రవన్నీ ఏరమంటాడట. ఏరలేనివాడికి ఇంజన్ లేదు. మర్నాడు పొద్దున చూస్తే, ఆయన నా అల్లిక బుట్టలోంచి ఊలు తీసి, ఎర్రదారానికి ఒక ముడి, ఆకుపచ్చదానికి రెండు ముళ్లు వేసి వాడికిస్తున్నారు.

"ఇదేమిటి?" అన్నాను.

"ఇంకా పదిహేనేళ్లుంది. ముందు ముళ్లతో, తర్వాత లేతా ముదురూ చూసి బట్టీ పట్టిస్తాను. పరీక్ష ఒక్క పూట. గట్టెక్కితే చాలు."

ఊలు మొత్తం లాక్కుని పొయ్యిలో పడేశాను. కంపు ఇల్లంతా నిండింది. "నేర్పడం నా పని. కనబడనిది కనబడినట్టు నటించడం మాత్రం నా ఇంట్లో ఎవరూ నేర్పరు. వాడి వెనక పెట్టెల్లో ఎంతమంది కూర్చుంటారో మీకు నేను చెప్పాలా?"

"మా నాన్నది ఇంజన్, నాది ఇంజన్. మరి వీడేం తిని బతుకుతాడు?"

"ఇంకేదైనా నేర్చుకుంటాడు. నేర్పేది నేనే."

ఆయన రెండు రోజులు గోడకేసి తిరిగి అన్నం తిన్నారు. నేనూ తగ్గలేదు.  వాడిక రంగుల ఊసే ఎత్తలేదు.

ఇంతలో భారత సైన్యం వచ్చేసిందన్నారు. గడియలు తీశారు. మా లైన్లో అందరూ వీధిలోకి వచ్చారు. ఫిట్టరు ఇంటి మీద మూడురంగుల జెండా కట్టారు. మావాడు తలెత్తి చూసి, అందరికీ వినబడేలా అడిగాడు: "పైనా కిందా ఒకటే రంగు ఎందుకేశారు?"

అంతా గొల్లుమన్నారు. పక్కింటావిడ వాడి బుగ్గ గిల్లి, "ఓ బిడ్డా, గిట్లయితె ఇంజన్ ఎట్ల నడుపుతవ్ రా? మీ నాయిన కొలువు నీదే గదా!" అంది.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన ముందుకొచ్చారు. "నడపడమ్మా. మావాడికి ఎరుపూ ఆకుపచ్చా తేడా కనబడదు. వీణ్ణి ఇంజన్ ఎక్కించను."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన వంగి వాణ్ణి భుజం మీదికి ఎత్తుకున్నారు. "పైది కాషాయం, కిందది ఆకుపచ్చ. తెలియనప్పుడు నన్నడుగు నాన్నా, చెప్తాను," అన్నారు.  ఎంత ఆపుకున్నా నాకు కన్నీళ్లు ఆగలేదు.

వాడు వెంటనే పక్కింటావిడ చీర చూపించి, అదేం రంగని అడిగాడు. ఆయన చెప్పారు. ఆ పక్కనున్న చీర సంగతి అడిగాడు. అదీ చెప్పారు.