కువైట్ ఐదు గంటలే అన్నాను

2012 మే నెల. సూర్యాపేటలో ఫ్రీజర్ బాక్స్ కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టి అప్పటికి నాలుగేళ్లు. దూరాన ఉన్నవాళ్లు వచ్చేదాకా శవాన్ని చల్లగా ఉంచే అద్దాల పెట్టె అది. నాకున్నది ఒక్కటే. విమానం ఎక్కిన ముఖం కాదు నాది. అయినా దుబాయ్ ఎంతసేపు, దమ్మామ్ ఎంతసేపు అని ఎవరడిగినా టపటపా చెప్పేవాణ్ణి. పెట్టె ఎప్పుడు ఖాళీ అవుతుందో నాకు తెలియాలి కదా! ఆ తెలివే కొంప ముంచింది.

నేరేడుచర్ల పక్క ఊళ్లో రూతు అనే ఏడేళ్ల పాప పాము కరిచి చనిపోయింది. తండ్రి లేడు. తల్లి సుగుణ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. పాపను పెంచింది అమ్మమ్మ ముత్తమ్మే. మర్నాడు పొద్దున ఏడున్నరకు సుగుణ ఫోన్ చేసి, విమానం ఎక్కుతున్నానని చెప్పింది. పాపను ఉంచిన నా పెట్టె పక్కన జనరేటర్ వైరు సరిచేస్తున్న నన్ను ముత్తమ్మ అడిగింది.

“ఎన్ని గంటలు పడ్తది అయ్యా, నా బిడ్డ వచ్చేసరికి?”

“మూడు వేల కిలోమీటర్లమ్మా. గాలిల ఐదు గంటలు, కార్ల నాలుగు గంటలు. ఐదింటికల్లా ఇంట్ల ఉంటది, పరేషాన్ గాకు.”

నా మాట మీదే చర్చి సంఘ పెద్ద ఏసోబు భూస్థాపన ఐదున్నరకని అందరికీ చెప్పాడు. కోదాడ నుంచి ఫోన్ వస్తే, చీకటి పడేలోపు పెట్టె తెస్తానని నేనూ ఒప్పుకున్నాను.

మూడింటికి సుగుణ ఎవరిదో ఫోన్ అడుక్కుని మాట్లాడింది. యజమాని నేరుగా వచ్చే టికెట్ కొనలేదట. మధ్యలో వేరే దేశంలో దింపారు. ఇంకో విమానం కోసం అలా కూర్చోవడాన్ని ట్రాన్సిట్ అంటారు. ఆమెకది పద్నాలుగు గంటలు. ఇల్లు చేరేది మర్నాడు మధ్యాహ్నమే. టికెట్ నేరుగానా, దిగి ఎక్కేదా అని నేను అడగనే లేదు. ఛీ, ఒక్క ప్రశ్న!

ఏసోబు నా దగ్గరికొచ్చాడు. “రేపు పగటిదాకా పెట్టె ఉంచుతవా తమ్మీ?”

“కోదాడోళ్లకు మాటిచ్చిన పెద్దయ్యా. ఆడ గూడ ముసలాయన ఎండల ఉన్నడు.”

అబద్ధం కాదు. అయినా ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది. ఐసు తెద్దామన్నారెవరో. రెండు రోజులుగా కరెంటు లేక ఐసు ఫ్యాక్టరీ మూసే ఉంది. ముత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“నీ కాళ్లు మొక్కుత. తల్లిని ఒక్కసారి ముఖం సూడనియ్యి.”

నేను తల వంచుకుని వైర్లు చుట్టుకున్నాను. ఐదున్నరకు పాపను మట్టిలో పెట్టారు.

పది రోజుల తర్వాత సుగుణ నా కొట్టు వెతుక్కుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“అన్నా, నా బిడ్డను పండవెట్టిన పెట్టె ఇదేనా?” అద్దం మీద అరచెయ్యి ఆనించింది. “సల్లగ లేదేంది?”

“ఇప్పుడు బంద్ ఉన్నదమ్మా.”

“జర వెయ్యవా.”

స్విచ్ వేశాను. అది చల్లబడడానికి అరగంట పడుతుంది. అంతసేపూ ఆమె చెయ్యి తియ్యలేదు. అద్దం బాగా చల్లబడ్డాక, “గింత సలిల పండుకున్నదా నా తల్లి” అంటూ అక్కడే కూలబడి ఏడ్చింది.

తర్వాత రెండో పెట్టె కొన్నాను. రావలసిన మనిషి గడప దాటి లోపలికి వచ్చేదాకా పెట్టెను ఇంకొకరికి ఒప్పుకోను. విమానం ఎన్ని గంటలని అడిగితే, తెలియదంటాను. ఆ కేసు నాకు నేర్పింది ఇదీ. నేను నేర్చుకుంటే సుగుణకు ఏం ఒరిగింది?