చీకటి పడేలోపు లేవాల్సిన విందు

స్కూలు యూనిఫారాలు కుట్టి కుట్టి, అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయి, చుట్టుపక్కల అందరికీ మిషనమ్మగా మిగిలిపోయిన ఆ మనిషి పిరికిదేమీ కాదు. నిక్కర్లు బిగుతయ్యాయని పోట్లాటకొచ్చిన హెడ్మాస్టర్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కొలతలు తప్పు రాసింది ఆయన గుమాస్తానేనని ఒప్పించి పంపిన ఘటం. అలాంటి మనిషికి ఆ రోజు పొద్దున మొగుడు డ్యూటీ నుంచి ఫోన్ చేసి, భోజనం మధ్యాహ్నం కాదట, సాయంత్రానికి మార్చారట అని చెప్పగానే భయం పట్టుకుంది.

మొగుడు డ్రైవరు. ఆయన పనిచేసే సారు వాళ్ళ అమ్మ పుట్టినరోజుకి నగరంలోకెల్లా పెద్ద హోటల్లో, పై అంతస్తులో ఉన్న చైనా రెస్టారెంట్లో విందు పెట్టుకున్నారు. డ్రైవర్నీ, భార్యనీ తమతోపాటే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలని పెద్దమ్మగారు పట్టుబట్టింది. కిందటి వానాకాలం ఒక పొద్దున ఆవిడకి మాట ముద్దగా రావడం మొదలైతే, కిక్కిరిసిన రోడ్డు మీద డ్రైవరు ఎట్లా తోలాడో ఏమో, క్షణాల్లో ఆసుపత్రి గుమ్మంలో పెట్టాడు. అప్పట్నుంచి ఆవిడ కనపడ్డ ప్రతివాళ్ళకీ, నేను తినే ప్రతి ముద్దా మా డ్రైవరు పెట్టిందే అని చెప్పుకుంటుంది.

పెద్ద హోటలనీ, అలవాటు లేని తిండనీ కాదు మిషనమ్మ భయం. డ్రైవరుకి చీకట్లో కళ్ళు కనబడవు.

ఇది ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. మొదట్లో సందెవేళ నీళ్ళ బకెట్టుని తన్నేవాడు. కత్తిరించి పరిచిన గుడ్డల మీద బూట్లతో నడిచేసేవాడు. ఈయనకి ఒళ్ళు పొగరెక్కిందని ఆమె నాలుగు చివాట్లు కూడా పెట్టింది. తర్వాత ఒకరోజు గుమ్మంలో నిలబడ్డ తనని దాటుకుని వచ్చి, లోపల గోడకేసి చూస్తూ "ఏమే, ఎక్కడున్నావు?" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది. ఎవరూ ఎరగని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కంటి లోపలి పొర పాడైపోతోందనీ, కళ్ళజోడుకీ ఆపరేషనుకీ లొంగేది కాదనీ, చీకటి పడితే స్టీరింగు ముట్టుకోవద్దనీ, ముందు ముందు పగలు కూడా కష్టమేననీ ఆ డాక్టరు చెప్పాడు.

చెప్పడానికేం, ఆయన చెప్పాడు. వీళ్ళుండే గది సారు వాళ్ళ కారు షెడ్డు వెనకాలే. ఉద్యోగం పోతే గది పోతుంది, గది పోతే కుట్టుమిషను పెట్టుకోవడానికి జానెడు చోటుండదు. స్టీరింగు తప్ప ఇంకో పనిలో చెయ్యి పెట్టి ఎరగని మనిషి, ఈ వయసులో ఎక్కడికి పోతాడు? సంగతి బయటికి పొక్కనివ్వనని ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. ఆమె ఇచ్చింది. పొద్దుగూకాక తోలడానికి వేరే డ్రైవరు ఉండేవాడు గనక ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. ఆ మహానుభావుడు మొన్ననే ఇంకోచోట మంచి పని దొరికిందని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు.

వెళ్ళేటప్పుడు ఇంకా ఎండ ఉంది. డ్రైవరు ఎప్పట్లాగే నున్నగా తోలాడు. తిండి ఎంతసేపు తింటారులే, పొద్దుండగానే లేచిపోవచ్చని మిషనమ్మ మనసులో లెక్క వేసుకుంది. పాపం, ఆ హోటళ్ళ సంగతి ఆమెకేం తెలుసు! కూర్చోబెట్టాక ముందు టీ తెచ్చారు. ఆ టీ చల్లారేదాకా ఎవరూ ఇటు తొంగిచూడలేదు. తర్వాత వేడి తువ్వాళ్ళు. తర్వాత బొమ్మల గిన్నెల్లో గుక్కెడు సూపు. ఆకలిగొన్న మనిషికి అన్నం పెట్టడానికి ఇంత తీరుబడి ఏమిటో, ఇంట్లో ఎవరైనా ఇలా వడ్డిస్తే కంచం విసిరికొట్టరూ? కిటికీ అద్దం అవతల సూర్యుడు ఎదురు భవనాల మీదికి దిగుతున్నాడు. ఆమె కళ్ళు అక్కడే ఉన్నాయి.

పైగా ఆ గదిలో వెలుతురే తక్కువ. ఎర్రటి గుడ్డ లాంతర్ల లోపల మినుకుమినుకుమనే దీపాలు, నల్లటి బల్ల, నల్లటి కంచాలు, వాటిల్లో నల్లటి సాసు. డ్రైవరు బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఆమె బల్ల కింద ఆయన మోకాలి మీద చెయ్యి వేసే ఉంచింది. ఏ గిన్నె ఏ పక్కన పెట్టినా ఆ పక్కకి ఒక్కసారి నొక్కేది. తినడానికిచ్చిన ఆ చాప్‌స్టిక్స్ పుల్లలే లేకపోతే అప్పుడే బండారం బయటపడేది. వాటితో సారుకీ, ఆయన భార్య మేడంకీ తప్ప ఎవరికీ తినడం చేతకాలేదు. పెద్దమ్మగారి ముక్క ఒళ్ళో పడింది, మనవరాలు చిట్టి పుల్లలతో డోలు వాయించింది. అందరి చేతులూ తడబడుతుంటే ఆయన చేతుల్ని ఎవరు చూస్తారు?

బల్ల మధ్యలో గిన్నెలు పెట్టే అద్దం గుండ్రంగా తిరుగుతుంది. చిట్టికి అదే ఆట. మేడం టీ పోసుకోమంటే డ్రైవరు కెటిల్ కోసం చెయ్యి చాపాడు. అంతలో చిట్టి అద్దాన్ని తిప్పేసింది. ఆయన అయిదు వేళ్ళూ ఎర్రటి మిరపనూనె గిన్నెలోకి పోయాయి.  అందరూ పగలబడి నవ్వారు, చిట్టికి తల్లి నుంచి మొట్టికాయ పడింది. మిషనమ్మ కూడా నవ్వుతూనే ఆయన వేళ్ళు తడి తువ్వాలుతో తుడిచింది. 

బాతు మాంసం వచ్చేసరికి కిటికీ అవతల వీధి దీపాలు వెలిగాయి. సారు అప్పటికే వైన్ తాగి ఉన్నాడు. ఆయన తోలలేకపోతే మేడం తోలుతుంది కదా అని మిషనమ్మ ధైర్యం చెప్పుకుంటోంది. అప్పుడు సారు మూతి తుడుచుకుని, కింద హాల్లో కంపెనీ వాళ్ళ పార్టీ ఉంది, మేమిద్దరం అక్కడికి పోవాలి, అమ్మనీ చిట్టినీ నువ్వు ఇంటి దగ్గర దించెయ్యి అన్నాడు డ్రైవరుతో.

 పెద్దమ్మగారు అలసిపోయి ఉన్నారు కదా, హోటలు వాళ్ళ టాక్సీ అయితే గుమ్మంలోకే వస్తుందని మిషనమ్మ ఏదో అంది.

పెద్దమ్మగారు డ్రైవరు భుజం తట్టింది. "మనవాడు ఉండగా టాక్సీ ఎందుకమ్మా? ఇతని బండి ఎక్కితే నాకు భయమన్నది తెలియదు."

డ్రైవరు కారు తెస్తానని లేచాడు. తోడు వెళ్తానని మిషనమ్మ కూడా లేచింది. హోటలు వెనక డ్రైవర్లు బళ్ళు పెట్టుకునే చోట ఒకే ఒక్క ట్యూబ్‌లైటు, అదీ కొట్టుకుంటూ ఉంది. ఆమె ముందు నడిచింది, ఆయన ఆమె భుజం పట్టుకుని వెనక నడిచాడు. కడుపునొప్పని చెప్పమంది. కాళ్ళు పట్టుకుంటానంది. రోజూ తిరిగే దారేననీ, వీధి దీపాలుంటాయనీ, ముందు బండి ఎర్రలైటు పట్టుకుని నెమ్మదిగా పోతాననీ ఆయన ఒకటే పాట.  ఆయనకీ భయంగానే ఉందని ఆమెకి తెలుసు. చీకట్లో కారు తోలడం కంటే గది పోతుందన్న భయం ఆయనకి ఎక్కువ, అంతే తేడా.

ఆయన తడుముకుంటూ ఎక్కి కూర్చున్నాడు. ఆమె పక్క సీట్లో కూర్చుంది. ఇంజను స్టార్టయింది, లైట్లు వెలిగాయి. ఎదురుగా గోడ తెల్లగా కనిపించేసరికి ఆయనకి కాస్త ప్రాణం లేచొచ్చింది. స్టీరింగు పూర్తిగా కుడివైపుకి తిప్పి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు మిషనమ్మ తలతిప్పి చూసింది.

కుడివైపు ముందు చక్రం పక్కన, లైట్లు పడనిచోట చిట్టి నిలబడి ఉంది. నానమ్మ చెయ్యి విడిపించుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చినట్టుంది. ముసిముసిగా నవ్వుతూ, దించి ఉన్న కిటికీలోంచి డ్రైవరు మొహంలోకే చూస్తోంది.

డ్రైవరు కూడా ఆ పక్కకే తిరిగాడు. ఆ పిల్ల మొహంలోకే చూశాడు.

"ఊరికే హడలిపోతావు గానీ, ఇటు ఎవరూ లేరు చూడు. నాకు బాగానే కనిపిస్తోంది," అని హ్యాండ్‌బ్రేక్ దించాడు.

  మిషనమ్మ రెండు చేతులూ చాపి తాళం తిప్పేసింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"డ్రైవర్ తాతా!" అంది చిట్టి చప్పట్లు కొడుతూ. "నన్ను చూసి కూడా చూడనట్టు భలే చేశావు!"

ఆయన చేతులు స్టీరింగు మీద అలాగే ఉండిపోయాయి. ఆ గొంతు ఎంత దగ్గర నుంచి వచ్చిందో ఆయనకి తెలిసింది. కాసేపటికి చెయ్యి కిటికీలోంచి బయటికి చాపి, గాల్లో వెతికి, పిల్ల తలని తాకి, జుట్టంతా తడిమాడు. అప్పుడు ఏడ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం మిషనమ్మ చూడలేదు. ఇచ్చిన మాట ఇక తప్పుతానని ఆమె నోరు విప్పబోయింది గానీ, ఆయనే ముందు కిందికి దిగాడు. తాళం ఆమె చేతిలో పెట్టి, ఒక చేత్తో ఆమె భుజం, ఇంకో చేత్తో చిట్టి చెయ్యి పట్టుకుని హోటలు ముందు వైపుకి నడిచాడు. రేపు మిషను ఎక్కడ పెట్టుకోవాలా అన్న ఆలోచన దారిలోనే ఆమె పీక పట్టుకుంది.

పోర్టికోలో దీపాలు పట్టపగల్లా ఉన్నాయి. పెద్దమ్మగారు శాలువా కప్పుకుని సిద్ధంగా ఉంది. పిల్ల కోసం వెతుకుతున్న మేడం వీళ్ళని చూసి ఊపిరి పీల్చుకుంది. కారేదని సారు అడిగాడు.

"టాక్సీ పిలిపించండి సార్," అన్నాడు డ్రైవరు. "నాకు చీకట్లో కనపడదు. ఇప్పుడు చిట్టితల్లి చక్రం పక్కనుంటే నేను చూడలేదు. మా ఆవిడ ఆపింది."

 పెద్దమ్మగారు దగ్గరికొచ్చింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అది ఇంకా భయంకరంగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళుగా అమ్మగారూ."

ఆవిడ చిట్టి వైపు తిరిగింది. రెండేళ్ళలో ఎన్ని ముసురు రోజుల సాయంత్రాలు ఆ పిల్ల స్కూలు నుంచి ఇతను తోలే ఆ కారులో వచ్చిందో ఆవిడ గుర్తు చేసుకుంటోందని మిషనమ్మకి తెలిసిపోయింది. అవన్నీ మిషనమ్మకి కూడా గుర్తే. ఆ సాయంత్రాల్లో ఆమె గేటు దగ్గర నిలబడి కారు కోసం చూస్తూ ఉండేది. అదీ మొగుడి కోసమే గాని, వెనక సీట్లో పిల్ల ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు.

మేడం వచ్చి, డ్రైవరు చేతిలోంచి చిట్టి చెయ్యి విడిపించి తీసుకుంది. పిల్ల రానని మొండికేసింది. ఆ తల్లి ఇంకా గట్టిగా లాక్కుంది. మిషనమ్మకి ఆవిడ మీద కోపం రాలేదు. ఆ పిల్ల తన పిల్లే అయితే తనూ అలాగే లాక్కునేది. కాకపోతే రెండేళ్ళ కిందటే లాక్కునేది.